తెల్ల నూలు చెప్పిన సాక్ష్యం

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ వెనకాల గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి.

అనగనగా మల్లెగిరి అని ఒక రాజ్యం. రాజులూ రాణులూ ఉన్న కాలమే గానీ, అక్కడ కెమెరాలూ కంప్యూటర్లూ కూడా ఉండేవి. కథ కదా, ఉంటాయి మరి.

ఆ రాజ్యాన్ని మంగాంబికా రాణి ఏలేది. ఆవిడ కోటలో కూర్చునే, ఫొటోలు చూసి చీరలు ఎంచుకునేది. ఫొటోలో ఒక రంగు చూపి మరో రంగు చీర పంపితే, వాళ్ల మగ్గం విప్పించేసేది. అదీ ఆవిడ చట్టం.

ఈరమ్మ అనే నేతగత్తె నెమలికంఠం రంగు చీర నేసింది. ఆస్థాన ఫొటోగ్రాఫరు గంగులు ఆమె ఇంటి చీకటిగదిలో పసుపు దీపం పెట్టి, మగ్గం ముందు కూర్చున్న ఈరమ్మతో సహా చీరని మగ్గం మీదే ఫొటో తీశాడు. తర్వాత చీర కోటకి చేరింది. రాణి ఫొటో చూసింది, చీర చూసింది, ఈరమ్మని పిలిపించింది.

"ఫొటోలో ఆకుపచ్చ. చేతిలో నెమలికంఠం. ఆ పచ్చచీర ఎవరికిచ్చావమ్మా?"

"నేను నేసింది ఇదొక్కటే తల్లీ. నలభై రోజులు పట్టింది."

"సాయంత్రంలోగా రుజువు చెయ్యి. లేదంటే మగ్గం విప్పిస్తాను."

ఆ మగ్గం తప్ప ఈరమ్మకి మరో ఆధారం లేదు.

అప్పుడు గంగులు ముందుకొచ్చాడు. "అమ్మా, తప్పు నాదేమో. ఆ పసుపు దీపానికి నా కళ్లు అలవాటుపడిపోయి, ఫొటోలో రంగు మారిందని గమనించలేదు. ముడి ఫొటో నా దగ్గరుంది. అది వండని బియ్యం లాంటిది, ఇంకా ఎలాగైనా వండుకోవచ్చు."

కంప్యూటరు తెరిచి నీలం పెంచాడు. చీర నీలమైంది, ఈరమ్మ ముఖమూ నీలమైంది.

"ఈవిడని పాముగానీ కరిచిందా?" అంది రాణి.

ఎరుపు పెంచాడు. ఈరమ్మ బుగ్గలు బీట్‌రూట్ ముక్కలయ్యాయి.

మూడోసారి చీర ఒక్కదానికే రంగు మార్చాడు. అచ్చంగా సరిపోయింది.

"నీకు నచ్చిన రంగు పులిమితే రుజువెలా అవుతుంది?" అంది రాణి.

అప్పుడు ఈరమ్మ మెల్లిగా అంది. "నాయనా, మేం నూలుకి రంగేసేటప్పుడు పక్కన రంగెయ్యని తెల్ల నూలు పెట్టుకుంటాం. దాన్ని చూసుకునే మిగతా రంగుల్ని నమ్ముతాం. ఫొటోలో నా మోకాలి పక్కన చూడు, ఆ తెల్ల నూలు చిలప ఒకటి చుట్టగా ఉంది."

"ఇది పసుపు నూలు కదా," అంది రాణి.

"ఆ నూలు మా ఇంట్లోనే ఉంది తల్లీ. తెప్పించి చూడండి."

తెప్పించారు. మల్లెపువ్వంత తెల్లగా ఉంది.

గంగులు అంతకుముందు చేసినవన్నీ చెరిపేశాడు. "చీర జోలికి పోను. ఈ నూలు తెల్లనిదని మాత్రం కంప్యూటరుకి చెబుతాను," అని నూలు మీద ఒక్కసారి నొక్కాడు.

నూలు తెల్లబడింది. దాంతోపాటే గోడ సున్నం తెల్లబడింది. ఈరమ్మ ముఖం తన చామనఛాయకి వచ్చింది. చీర, ఎవరూ ముట్టుకోకుండానే, నెమలికంఠమై మెరిసింది.

రాణి చీరని తెర పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఆ మగ్గం మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి," అంది.

ఈరమ్మ అక్కడే చతికిలబడింది. "తల్లీ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా? పొద్దుట్నుంచీ చుక్క గొంతు దిగలేదు."

రాణి తన చేత్తోనే చెంబు అందించింది. "నేను తొందరపడ్డాను ఈరమ్మా," అంది.

అదర్రా సంగతి. ఇక లేవండి, ఇళ్లకెళ్లి వేడివేడిగా అన్నాలు తినండి. తింటూ ఈ ఒక్క మాటా గుర్తుంచుకోండి: ఎదుటివాళ్లని తప్పుపట్టే ముందు, మనం వాళ్లని ఏ వెలుగులో చూస్తున్నామో చూసుకోవాలి.