యాకోబు ఇంజనుకు కూత

హెప్సిబాకు కావలసింది ఒక కూత.

ఆమె తండ్రి యాకోబు బిట్రగుంట యార్డులో షంటింగ్ డ్రైవరు. వ్యాగన్లను ఒక లైను మీది నుంచి ఇంకో లైను మీదికి మార్చే ఆవిరి ఇంజను ఆయనది. ఊళ్ళు దాటి పోయే ఇంజను కాదు. డ్యూటీ దిగే ముందు ఒక కూత వేసేవాడు. అది పొడుగ్గా మొదలై, చివర్లో గొంతు పట్టేసినట్టు కొంచెం విరిగేది. అది వినపడగానే క్వార్టర్స్‌లో హెప్సిబా గడప దూకి పరుగెత్తేది.

ఆవిరి ఇంజన్లు పోయాయి. కొన్నేళ్ళకు యాకోబూ పోయాడు. ఆ కూతను ఎవరూ రికార్డు చేసి పెట్టలేదు. రిటైరయ్యాక ఆయన ఇత్తడి రేకు కత్తిరించి, అతికి, లోపల చిన్న మోటారు పెట్టి, తన ఇంజనుకు నకలుగా అరచేతిలో పట్టే బొమ్మ ఇంజను చేసుకున్నాడు. అది మాత్రం మిగిలింది.

దాన్ని తీసుకునే ఆమె మస్తాన్ మాస్టారి దగ్గరికి వచ్చింది.

మాస్టారు రైల్వేలో సిగ్నళ్ళ పని నేర్పే బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. కావలిలో ఆయన మిద్దె మీద గది నిండా బల్లలు, బల్లల మీద చిన్న పట్టాలు, ఒక వంతెన, వంతెన మీదికి ఎక్కే చిన్న ఏటవాలు. బొమ్మ రైళ్ళ పని నేర్చుకోవాలని వచ్చినవాళ్ళకు అక్కడే నేర్పేవారు. మాట తక్కువ. హెప్సిబా నెల్లూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఆదివారం చర్చి అయ్యాక కావలి బస్సెక్కేది. వైరు అతకడం, పట్టాలు పరచడం ఆయన దగ్గరే నేర్చుకుంది.

ఇక ఇంజనులో డీకోడర్ పెట్టడం మిగిలింది. డీకోడర్ అంటే చిన్న పలక. పట్టాల్లో కరెంటుతో పాటు అన్ని ఇంజన్లకూ ఆజ్ఞలు వస్తూనే ఉంటాయి. ఏ ఇంజనులోని డీకోడర్ అయినా తన నెంబరుతో పిలిచినప్పుడే పలుకుతుంది. నడవమంటే నడుపుతుంది, ఆగమంటే ఆపుతుంది. కొన్నిటికి కూయడం కూడా వచ్చు.

"ఇంజను ఎంత కరెంటు తాగుతోందో చూశావా?" అని అడిగారు మాస్టారు.

"చూశాను మాస్టారూ. చక్రాలు గట్టిగా పట్టుకుని మరీ కొలిచాను. శానా తక్కువే."

"అయితే గోరంత డీకోడర్ చాలు దీనికి."

"గోరంతది కూయదు మాస్టారూ."

ఆమె సంచిలోంచి ఒక డబ్బా తీసింది. లోపల వెడల్పాటి డీకోడర్, దానికి అతికిన చిన్న స్పీకరు. తెప్పించుకుని చాలాకాలమైంది. ఇంట్లో బల్ల మీద పెట్టి అందులో ఉన్న కూతలన్నీ ఒక్కొక్కటే వింది.

"ఇందులో ఒకటి నాన్నదే మాస్టారూ. దాదాపు నాన్నదే."

"దాదాపు," అన్నారు మాస్టారు. అడిగినట్టు లేదు. ఆ మాటను చేతిలోకి తీసుకుని చూసినట్టుంది.

హెప్సిబా ఇంజను పైకప్పు విప్పింది. బాయిలరు లోపల ఖాళీ లేదు. సీసపు రేకును తమలపాకు చుట్టినట్టు చుట్టి, వేళ్ళతో అదిమి, కుక్కి ఉంది. మెత్తని సీసం కదా, అదిమినచోటల్లా గోరు దిగిన గుర్తులున్నాయి.

"ఇది తీసేస్తే స్పీకరు పడుతుంది. ఇంకెక్కడా చోటు లేదు," అని ఆయన మొహంలోకి చూసింది. వద్దంటారేమోనని భయపడింది. వద్దంటే బాగుండునని కూడా ఉంది.

మాస్టారు చిమటా ఆమె వైపు జరిపారు. "తియ్యి మరి."

సీసం తొందరగా రాలేదు. అటూ ఇటూ కదిలించగా కదిలించగా పాత గ్రీజు వాసనతో బయటికొచ్చింది. దాన్ని బల్ల మీద రుమాలు పరిచి పెట్టింది.

తర్వాత పనంతా తనే చేసింది. రెండు వైర్లు చక్రాలకు, రెండు మోటారుకు. మాస్టారు పక్కన కూర్చుని, "మోటారు ఇత్తడికి తగిలితే డీకోడర్ మాడిపోతుంది," అని ఒక్కసారి మాత్రం హెచ్చరించారు. ఆమె మోటారు చుట్టూ పసుప్పచ్చ టేపు చుట్టింది. పట్టాల మీద పెట్టి, నెంబరుతో పిలిచి, కూత మీట నొక్కింది.

ఇంజను కూసింది.

హెప్సిబా కళ్ళు మూసుకుంది. కూత పొడుగ్గా మొదలైంది. చివర్లో విరగలేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ విరగలేదు. విరగాల్సిన చోట తన ఊపిరి తానే బిగబట్టి ఇంకోసారి నొక్కింది.

"బండి కట్టు," అన్నారు మాస్టారు.

ఆమె ఇంజను వెనక వ్యాగన్లు తగిలించి, వంతెన ఏటవాలు కింద నిలిపి, వేగం పెంచే మర తిప్పింది. భుస్ భుస్‌మని ఆవిరి చప్పుడు మొదలైంది. చక్రాలు తిరిగాయి. బండి కదల్లేదు. ఇంకొంచెం తిప్పింది. చప్పుడు పెరిగింది. చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరిగాయి.

"పట్టాలకు దుమ్ముందేమో మాస్టారూ."

పట్టాలు తుడిచింది. చక్రాలు తుడిచింది. మళ్ళీ అంతే. వ్యాగన్లు ఒక్కొక్కటే విప్పుతూ పోయింది. అన్నీ విప్పేశాక, ఒంటి ఇంజను మాత్రం భుస్ భుస్‌మంటూ ఏటవాలు ఎక్కింది.

"ఒంటిగా తిరిగినా చాల్లే మాస్టారూ," అంది. "నాకు బండి లాగక్కర్లేదు. ఆ కూత ఉంటే చాలు. ఆయన మొహం ఫొటోలో ఉంది. గొంతే ఎక్కడా లేదు. రోజురోజుకీ మర్చిపోతున్నా."

మాస్టారు లేచి, ఇంజనును కిందికి తెచ్చి, విప్పిన వ్యాగన్లన్నీ మళ్ళీ తగిలించారు. మర తిప్పమని సైగ చేశారు.

చక్రాలు ఉన్నచోటనే తిరిగాయి.

ఆయన చూపుడు వేలు ఇంజను వీపు మీద ఆనించారు. నొక్కలేదు, ఊరికే ఆనించారు. ఆ కాస్త బరువుకే చక్రాలు పట్టాలను పట్టుకున్నాయి. బండి మొత్తం కదిలింది. మోకాళ్ళ నొప్పి మనిషి, నడుం వంచుకుని, వేలు తియ్యకుండా, బల్ల పక్కనే బండితో పాటు నడిచారు. సగం ఏటవాలు ఎక్కాక వేలు తీశారు.

బండి ఆగిపోయింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. స్పీకరు భుస్ భుస్‌మంటూనే ఉంది.

మాస్టారు ఆమె వైపు చూడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

హెప్సిబా మర కట్టేసింది. రుమాలు మీది సీసపు చుట్టను చేతిలోకి తీసుకుంది. అంత చిన్న ముక్క, ఎంత బరువో. గోరు గుర్తు మీద తన బొటనవేలి గోరు ఆనించి చూసింది. గుర్తు ఆమె గోరు కంటే వెడల్పుగా ఉంది. చాలాసేపు వేలు అక్కణ్ణించి తియ్యలేదు.

"ఆ గోరంతది ఇస్తారా మాస్టారూ?"

ఆయన అలమరలోంచి తీసి ఇచ్చి, సాయంత్రపు అసర్ నమాజుకు వేళయిందని కిందికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆమె వైర్లు మార్చి, చిన్న డీకోడర్‌ను డ్రైవరు నిలబడే గది పైకప్పు లోపలివైపు అంటించి, సీసాన్ని ఉన్నచోట ఉన్నట్టు పెట్టి, ఇంజను మూసేసింది. స్పీకరు బల్ల మీద పక్కకుంది.

మళ్ళీ వ్యాగన్లన్నీ కట్టింది. మర కొద్దిగానే తిప్పింది.

చప్పుడు లేకుండా బండి కదిలింది. ఏటవాలు దగ్గర ఒక్క క్షణం తడబడింది. తర్వాత పట్టు దొరికి, నెమ్మదిగా, వ్యాగన్లన్నిటినీ లాక్కుంటూ ఎక్కింది. పట్టాల అతుకుల మీద చక్రాల టిక్కు టిక్కు తప్ప ఏమీ లేదు. వంతెన దాటింది. మలుపు తిరిగింది. హెప్సిబా మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం బల్ల అంచుకు ఆనించి, ఎదురుగా వస్తున్న ఇంజనునే చూస్తోంది. అది దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. మొహానికి బెత్తెడు దూరంలో ఆపింది.

"ఆ కూత ఇంక వినపడదు కదా మాస్టారూ?"

మాస్టారు వచ్చి ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"కూత దూరంగా ఉన్నవాళ్ళ కోసం తల్లీ," అన్నారు.

హెప్సిబా ఇంజను వీపు మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.