పేరు ఇంట్లో పెట్టి ఊరెళ్ళిన కూర్మినాయుడు

కొత్తవీధిలో తెలివిగలవాళ్ళు ఎవరని అడిగితే కూర్మినాయుడు ముందు తన ఇంటివైపు చెయ్యి చూపించేవాడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని వీధంతా ఒకసారి చూసి, లేరని తేల్చుకుని, అప్పుడు చెయ్యి దించేవాడు. బడిలో గంట కొట్టే ఉద్యోగం అతనిది. ఇంట్లో భార్య వరహాలమ్మ, తమ్ముడు దాలినాయుడు. మాకొకసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం అని ముగ్గురూ గర్వంగా చెప్పుకునేవాళ్ళు.

దసరా సెలవులిచ్చారు. భీమిలి వెళ్ళి సముద్రం చూసి రావాలనుకున్నారు. వరహాలమ్మకు మాత్రం ఒకటే బెంగ, మెడలో బంగారు నాను గొలుసు. వాళ్ళమ్మ పోయేముందు తన మెడలోంచి తీసి కూతురి మెడలో వేసిన నాను అది. అమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే. అది పోతే అమ్మ మొహం కూడా మరిచిపోతానేమోనని ఆమె భయం.

సరిగ్గా అప్పుడే కానిస్టేబుల్ అప్పలస్వామి వీధివాళ్ళను బడి ఆవరణలో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. ఇల్లు ఖాళీగా ఉందని ఎవరికీ తెలియకూడదన్నాడు. ఇంట్లో మనిషి అలికిడి ఉండాలన్నాడు. తెలిసినవాళ్ళ ద్వారానే దొంగలకు కబురు అందుతుంది కాబట్టి తెలిసినవాళ్ళతో జాగ్రత్త అన్నాడు. పేరూ ఆధార్ నంబరూ ఎక్కడ పడితే అక్కడ చెప్పొద్దని, నేనే ఫలానా అని ఎవడైనా వస్తే నమ్మొద్దని అన్నాడు. బంగారం ఇంట్లో ఉంచొద్దు, దారిలో వేసుకోవద్దు అన్నాడు. బ్యాంకులో పెట్టుకోండి అని కూడా అన్నాడు గానీ, అప్పటికే మన ముగ్గురూ పనులు మొదలుపెట్టాలని లేచి వచ్చేశారు.

అంతే. వరహాలమ్మ వీధిలో ఇంటింటికీ వెళ్ళి, రేపు పొద్దున్న బస్సుకి తాము భీమిలి వెళ్తున్నట్టు తెలుసుకోవద్దని పేరుపేరునా చెప్పి వచ్చింది.

దాలినాయుడు నానుని చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర చాలాసేపు ఆలోచించాడు. ఇంట్లో ఉండకూడదు, దారిలో ఉండకూడదు. ఇంకేముంది, సరిగ్గా మధ్యన గుమ్మానికి మామిడాకుల మధ్య కట్టేశాడు. "ఇప్పుడిది లోపలా లేదు, బయటా లేదు వదినా," అన్నాడు. వరహాలమ్మ గుండె కుదుటపడింది.

ఇక అలికిడికి మనిషి కావాలి. తెలిసినవాళ్ళు పనికిరారు కదా. కూర్మినాయుడు బస్టాండుకి వెళ్ళి, ముందెన్నడూ చూడని ఒక బక్కపలచటి మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. దాలినాయుడు అతని పేరు అడగబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడక్కురా. అడిగితే తెలిసినవాడైపోతాడు."

ఆ మనిషి ఇల్లు కలయజూసి, తాను చేయాల్సింది ఏమిటని మర్యాదగా అడిగాడు. తిరుగుతూ ఉండు, దగ్గుతూ ఉండు, ఎవరైనా కూర్మినాయుడూ అని పిలిస్తే పలుకు, అన్నారు. పేరు వెంట తీసుకెళ్తే దారిలో ఎవడైనా కాజేస్తాడని, అది కూడా ఇంట్లోనే పెట్టి వెళ్ళడం మేలని కూర్మినాయుడికి తోచింది. పేరుకి తోడుగా ఆధార్ కార్డూ, తాళంచెవులూ ఇచ్చాడు. "నేనే కూర్మినాయుడినని ఎవడొచ్చినా లోపలికి రానివ్వకు. ఎంత బతిమాలినా సరే," అని గట్టిగా చెప్పాడు.

ఆ మనిషి ఎంత మాత్రం రానివ్వనన్నాడు.

భీమిలిలో లాడ్జీ గుమస్తా పేరు అడిగాడు. ఇంట్లో పెట్టి వచ్చామన్నాడు కూర్మినాయుడు. కార్డు అడిగితే అదీ అక్కడే ఉందన్నాడు. మరి మీరెవరు అని అడిగితే, ప్రస్తుతానికి ఎవరమూ కామన్నాడు. ఎవరూ కానివాళ్ళకు గదులు లేవన్నాడు గుమస్తా. ఇంకో లాడ్జీలోనూ అంతే. ఇసకలో పడుకున్నారు. సముద్రం వాళ్ళనేమీ అడగలేదు గానీ బట్టలన్నీ తడిపేసింది. మర్నాడే తిరుగు బస్సెక్కారు.

ఇంటి ముందు ట్రాలీ ఆటో నిలబడి ఉంది. అందులో వాళ్ళ బీరువా, మంచం, గ్రైండరు ఎక్కి కూర్చున్నాయి. ఆ మనిషి గుమ్మంలో నిలబడి, ఎవరు కావాలి అన్నాడు.

"నేను కూర్మినాయుడిని," అన్నాడు కూర్మినాయుడు.

"కూర్మినాయుడిని నేను. కార్డు చూపించమంటారా?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత నమ్మకస్తుడు దొరికాడు అనుకున్నారు. మరి ఈ సామాను ఎక్కడికి అని దాలినాయుడు అడిగాడు. సెలవులకి ఊరెళ్తున్నానని, ఖాళీ ఇంట్లో వస్తువులుంటే దొంగలు పడతారని ఆ మనిషి చెప్పాడు. ఇంటి అలికిడికి ఎవరైనా తెలియనివాళ్ళు దొరికితే బాగుండునన్నాడు. మేమున్నాం కదా, మా పేర్లు కూడా మీకు తెలియవు అన్నారు వీళ్ళు. గిన్నెల మూట కూడా వీళ్ళే మోసి ఆటోలో పెట్టారు.

అతను గుమ్మం దాటుతుంటే నాను తలకు తగిలింది. గిల్టుదేమో అనుకుని చేత్తో పక్కకు నెట్టాడు. వరహాలమ్మ ప్రాణం విలవిల్లాడింది.

"చూసుకుని నడు బాబూ, తెగిపోతుంది. గిల్టుది కాదు, మా అమ్మ ఇచ్చిన బంగారం. ఇంట్లోనూ ఉంచకూడదు, దారిలోనూ ఉంచకూడదని అలా కట్టాం."

అతను మొదటిసారిగా తలెత్తి చూశాడు.

"ఇంట్లోనూ ఉంచనమ్మా, దారిలోనూ ఉంచను. జేబులో ఉంచుతాను."

జేబు ఇల్లూ కాదు, దారీ కాదు. ఆ సంగతి ఇంతవరకూ తమకెందుకు తట్టలేదా అని వరహాలమ్మ ఆశ్చర్యపోయింది. ముడి తనకు అందకపోతే పీట వేసుకుని, నానుని తన చేత్తోనే విప్పి ఇచ్చింది. జేబుకి పిన్నీసు కూడా పెట్టింది.

ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో, అప్పలస్వామి సైకిలు మీద వచ్చాడు. "ఏం కూర్మినాయుడూ, ఆ ఆటోలో సామానేమిటి? ఇంట్లో అంతా క్షేమమేనా?" అన్నాడు.

కూర్మినాయుడు నోరు తెరవబోయి ఆగాడు. ఇంటాయన ఊళ్ళో లేడని ఎవరికీ తెలియకూడదు కదా.

"కూర్మినాయుడుగారు ఎక్కడికీ వెళ్ళలేదండి, లోపలే ఉన్నారు," అన్నాడు.

దాలినాయుడు ఖాళీ ఇంట్లోకి వెళ్ళి గట్టిగా దగ్గాడు.