గాజుల నాంచారమ్మ అడుగుల గౌరి నోము

అక్షతలు చేతబట్టుకొని, మనసు కథయందు నిలిపి వినుడు.

ధృతిముని ఒకనాడు సుపథ మహామునిని, రోగము పోయినను భయము పోనివారు ఏ నోము నోచవలెనని అడిగెను. సుపథుడు కలియుగమున జరుగు కథను దివ్యదృష్టితో గాంచి ఇట్లు చెప్పెను.

కృష్ణ యొడ్డున మేళ్లపాడను ఊర నాంచారమ్మ కలదు. గాజుల మలారము భుజాన వేసుకొని ఏడూళ్లు తిరిగి అమ్మెడిది. యాభైయెనిమిదవ యేట ఆమె గుండెకు నెత్తురు పోవు త్రోవలు పూడుకొనెను. పట్నపు వైద్యులు రొమ్ముటెముక తెరచి, కాలి నరము తీసి గుండెకు కొత్త త్రోవలు వేసిరి. ఇంటికి పంపుచు, దినదినము నడువుమనిరి.

ఆమె నడువదాయెను. అడుగు వేసిన గుండె దడదడలాడును. దడ వినిన కుట్టు తెగునని తోచును. పెనిమిటి వీరరాఘవులు కంచము, చెంబు మంచముకడకే తెచ్చెను. నెల తిరుగకమునుపే పిక్కలు సన్నగిల్లెను, ఆకలి చచ్చెను, వాకిటిదాకా పోయిన ఆయాసము వచ్చెను.

మరల ఆసుపత్రికి పోగా, వ్యాయామము నేర్పు హైమవతి ఆమెను చూచెను. నాంచారమ్మ ఆగలేక అడిగెను.

"అమ్మా, నా గుండెను దేంతో కుట్టారు? నడిస్తే ఊడదా?"

"సన్నటి దారంతోనండీ. నడిస్తే ఊడదు. ఎముకను తీగతో కట్టారు, అది అతుక్కునేదాకా బరువులు మాత్రం ఎత్తకండి."

"మరి ఆ దడేంటి?"

"పని చేసే గుండె చప్పుడు చేస్తుంది కదండీ. నడుస్తూ మాట్లాడగలిగితే చాలు. మాట తెగినా, నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా ఆగి మాకు చెప్పండి. మా అమ్మమ్మ అడుగుల గౌరి నోము పట్టేది. రోజుకు కాసిని అడుగులు పెంచటమే నోము. మీరూ పట్టండి."

మరునాడు నాంచారమ్మ పసుపుగౌరిని నిలిపి నోము పట్టెను. ఏ ఇంటి కోడలి ముంజేతికి ఏ గాజు పట్టునో పెనిమిటికి చెప్పుచు నడిచెను. మాట తెగినచోట నిలిచెను. దినమున కొక గడప చొప్పున వీధి పెరిగెను.

పదునొకండవనాడు గర్వము కలిగి, ఎవరికిని చెప్పక మలారము ఎత్తెను. రొమ్మున సూదులు గ్రుచ్చినట్లాయెను. అక్కడనే కూలబడెను. వెంటనే ఆసుపత్రికి గొనిపోగా, వైద్యులు పరీక్షించి కుట్లు చెదరలేదనిరి.

"కదలకపోవటం ఒక తప్పయితే, తొందరపడటం ఇంకో తప్పండీ" అని హైమవతి మందలించెను.

నాంచారమ్మ లెంపలు వేసుకొని నోము తిరిగి పట్టెను. మూడవ నెల వైద్యులు సరేయనగా, చిన్న మూటతో పొరుగూరికి నడిచి, పెండ్లికూతురికి పచ్చగాజులు తొడిగెను. ఆ ఇంట కాళ్లు కడుగుకొనునప్పుడు గాని, త్రోవపొడవునను గుండె మాటే తలపునకు రాలేదని ఆమెకు తోచలేదు. తోచినంతనే అచ్చెరువొంది, తడికాళ్లతోనే నిలిచి నవ్వెను.

కావున రొమ్ము కోతపడినవారును, మెట్టు చూచి జంకువారును, వారికి చెంబు మంచముకడకు మోయువారును వైద్యుల నడిగి ఈ నోము నోచవలెను. నోచినవారికి ఆకలి, నిద్ర, పిక్కబలము కలుగును. చావు రాదని గౌరి వరమీయదు. బ్రతికినన్నాళ్లు తమ గడప తామే దాటుదురని ఇచ్చును.

అక్షతలు అమ్మవారి పాదములపై నుంచి, లేచి నాలుగడుగులు నడువుడు.