మూతపడని నూనె జాడీ

"ఓలమ్మో! సముద్రం నల్లబడిపోయిందిరోయ్! ఎవరూ వల దించకండ్రోయ్!"

బెస్తవాళ్ల వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి అరుచుకుంటూ పరిగెడుతోంది నూకాలు. ఆ పిల్ల గొంతు వింటే సగం ఊరు లేస్తుంది. అందరూ తడికలు తోసుకుని ఒడ్డుకొచ్చారు. చూస్తే ఏముంది? కెరటం లేదు, నురగ లేదు. నల్లటి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది సముద్రం. ఒడ్డున ఒక కొంగ రెక్కలు విప్పుకోవాలని చూస్తోంది. జిడ్డుకి అతుక్కుపోయి విడిపడడం లేదు పాపం.

ఎందుకలా అయిందో చెబుతా, దగ్గరికి జరగండర్రా.

ఆ తీరమంతా ఏలే రాజుగారు ఒకాయన ఉండేవాడు. వారిధివర్మ ఆయన పేరు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిమివాడు విజయకేతు, చిన్నవాడు శంఖకేతు. ఏడు సముద్రాలూ చుట్టొచ్చినవాడికే కిరీటం అన్నాడు రాజుగారు.

అక్కడివాళ్లకి ఒక అలవాటుంది. ఏరు సముద్రంలో కలిసేచోట, అదే మొగ దగ్గర, కెరటాలు మరీ ఎగిరిపడితే, గరిటెడు చేపనూనె నీళ్లమీద పోస్తారు. కెరటం కాస్త అణుగుతుంది. ఆ సందులో పడవ దాటేస్తుంది. జయకేతుకేమో పడవెక్కితే చాలు, కడుపులో తిప్పుడు.

"గరిటెడు పోస్తే కాసేపు అణుగుతుంది కదా! జాడీడు పోస్తే ఎప్పటికీ లేవదు" అనుకున్నాడు. ఎంత తెలివో చూడండి! తైలకంఠుడనే మాంత్రికుడు ఇచ్చిన జాడీ తెచ్చి నీళ్లలో బోర్లించాడు. కారుతోంది, కారుతూనే ఉంది, ఆగదే! మూత పెడితే మూత ఎగిరిపడుతోంది. ఆ మాంత్రికుడికి కావలసిందీ అదే. జనం తిండిలేక ఊరొదిలి పోతే తీరమంతా తనదే కదా.

చేపలు లేకపోతే ఆ వీధిలో ఏ ఇంటా కుండ పొయ్యెక్కదు. అదీ సంగతి.

"తగలబెట్టేద్దాం" అన్నాడు జయకేతు. మంట పెట్టాడు. పొగకి పిల్లలు దగ్గి దగ్గి ఉక్కిరిబిక్కిరయ్యారు, నాలుగు వలల పాకలు కాలిపోయాయి.

"కడిగేద్దాం" అన్నాడు విజయకేతు. బళ్లకొద్దీ కుంకుడు రసం సముద్రంలో పోయించాడు. పైనున్న నూనె చుక్కలై కిందికి దిగింది. కింద ఉన్న రొయ్యపిల్లలు కూడా చచ్చిపోయాయి.

శంఖకేతు మాత్రం చెప్పులు విడిచి వీధిలోకి వెళ్లాడు. "నూకాలూ, ఏం చెయ్యాలి?" అన్నాడు.

"అడగడానికి ఇన్నాళ్లు పట్టిందా బాబూ?" అంది నూకాలు. ఆ పిల్ల తొట్టిలో ఒక తాబేలుని కడుగుతోంది. "ముందు జాడీ మూయించండి. కారుతున్న కుండ కింద ఎంత తుడిస్తే ఏం లాభం? ఈలోగా మేం ఏటి మొగకి అడ్డుకడతాం. గడ్డి కుక్కిన వలలు నీటిమీద తేలేస్తే నూనె లోపలికి రాదు. పిల్లచేపలన్నీ ఏట్లోనే ఉన్నాయి."

తాబేలు తల పైకెత్తింది. "జాడీ ఇచ్చిన మాంత్రికుడి ఇల్లు నాకు తెలుసు నాయనా. ఏడో సముద్రం నడుమ రాతి దీవి. వాడి ప్రాణం చిలకలో ఉంది. ఎక్కు, తీసుకెళ్తా. మెల్లగానే వెళ్తా సుమా, వయసైపోయింది" అంది.

ఒక సముద్రం దాటారు. నల్లగానే ఉంది. మూడు దాటారు. నల్లగానే ఉంది. డిప్ప పట్టుకుని పట్టుకుని శంఖకేతు చేతులు కాయలు కాశాయి, కళ్లు మండాయి. "ఇంకెంత దూరం అమ్మా?" అంటే "వచ్చినంత" అనేది తాబేలు. ఏడో సముద్రం కూడా నల్లగానే ఉంది! జాడీ ఇచ్చినవాడి గుమ్మం దాకా వచ్చేసింది నూనె.

దీవి మీద మాంత్రికుడు మంచం పట్టి మూలుగుతున్నాడు. పక్కన చిలక. రాతి గుంటలో స్నానానికి దిగిందట, నిలువెల్లా నూనె. ఈకలు ముక్కుతో దువ్వుకున్నకొద్దీ ఆ విషం లోపలికి పోతోంది.

శంఖకేతు కత్తి తీశాడు.

"చంపు బాబూ, చంపు" అంది చిలక నీరసంగా. "నేను పోతే వాడు పోతాడు. జాడీ మూసే మాట కూడా వాడితోనే పోతుంది."

శంఖకేతు కత్తి కింద పెట్టేశాడు. "మాంత్రికుడా, నీ చిలకని బతికిస్తాను. మాట చెప్పు."

"ముందు బతికించు!"

"ముందు చెప్పు. నాకు తొందరలేదు, బాగా అలిసిపోయున్నాను" అని శంఖకేతు ఓ రాయికి చేరగిలబడ్డాడు.

చిలక ఒకసారి దగ్గింది. మాంత్రికుడు రెండుసార్లు దగ్గాడు. ఇంక ఆగలేక ఆ మాట చెప్పేశాడు. అక్కడెక్కడో, ఏడు సముద్రాల ఇవతల, జాడీ టక్కున మూతపడింది.

అప్పుడు శంఖకేతు నూకాలు తాబేలుని కడిగినట్టే చేశాడు. చిలక ముక్కు మెల్లగా పట్టుకున్నాడు. గోరువెచ్చని నీళ్లు, కుంకుడు నురగ, మూడుసార్లు. మళ్లీ మంచినీళ్లు.

"పిల్లలూ, మీరు మటుకు నూనె అంటిన పిట్ట కనిపిస్తే ముట్టుకోకండి, పెద్దవాళ్లని పిలవండి" అని నూకాలు తర్వాత వీధి పిల్లలందరికీ చెప్పింది. మీరూ వినండి.

"ఈకలు బాగుపడడానికి రోజులు పడుతుంది. అందాకా చిలక నూకాలు దగ్గరుంటుంది. నువ్వు నాతో రా, వచ్చి నీ మంత్రంతో సముద్రం శుభ్రం చెయ్యి" అన్నాడు శంఖకేతు మాంత్రికుడితో.

మాంత్రికుడు తల దించుకున్నాడు. "పొయ్యడానికే నేర్చుకున్నాను బాబూ, తియ్యడం నేర్చుకోలేదు."

ఇంకేముంది, చేతులతోనే తియ్యాలి. తేలుతున్న నూనెని చిప్పలతో ముంచారు. మిగిలింది గడ్డితో, కొబ్బరిపీచుతో అద్దారు. రాళ్లు గీకారు. ఆ చెత్తని మళ్లీ ఏట్లో పారెయ్యకుండా ఊరికి దూరంగా, అడుగున బంకమన్ను మెత్తిన గోతుల్లో వేశారు. అలిసిపోయారు, కూలబడ్డారు, మళ్లీ లేచారు. రాజుగారూ చిప్ప పట్టాడు. జయకేతు పడవలో గడ్డి మోశాడు, వాంతి చేసుకుంటూనే మోశాడు. మాంత్రికుడి గోళ్లు అరిగిపోయాయి. నెలలు గడిచాయి. రోజూ ఉప్పుగంజే. ఎవరికీ తిట్టుకునే ఓపిక కూడా లేదు.

ఒకరోజు నూకాలు చిన్న వల వేసి నాలుగు చేపలు తీసింది. మొప్పలెత్తి చూసింది, వాసన చూసింది. "ఇంకా లేదు" అంది. ఇంకో నెలకి చూసింది. "ఇంకా లేదు." మూడో నెలకి మళ్లీ మొప్పలెత్తి చూసింది.

"తినొచ్చు" అంది.

ఏడు సముద్రాలూ చుట్టొచ్చాడు కాబట్టి శంఖకేతుకే కిరీటం దక్కింది, నూకాలుతో పెళ్లీ అయింది. మొగ దగ్గర గరిటెడు నూనె కూడా పొయ్యకూడదని కొత్త రాజు చాటింపు వేయించాడు. కెరటం తగ్గేదాకా ఆగి దాటడమే. వాళ్లు చాలా ఏళ్లు చల్లగా ఏలారు. అదంతా తర్వాతి మాట.

పెళ్లినాడు మాత్రం వాయిద్యాలు వాయించే శక్తి వాయిద్యగాళ్లకే లేదు. ఇసుకలో అరిటాకులు పరిచారు. పెళ్లికొడుకు కూర్చున్నచోటే తూగుతున్నాడు. మాంత్రికుడు దూరంగా నిలబడ్డాడు, రమ్మంటారో లేదోనని.

"ఏం, నీకు వేరే పిలుపు కావాలా? చేతులు కడుక్కుని కూర్చో" అంది నూకాలు.

వాడు రాజుగారి పక్కనే సర్దుకుని కూర్చున్నాడు. వేడన్నం పడింది, చేపల పులుసు పడింది. అందరూ తలలు వంచుకుని తింటున్నారు.