దేగ్ మూత చుట్టూ పిండిపట్టీ

"ఖలీలూ, ఆ పిండి మీద చెయ్యెయ్యొద్దు, నా మాట విను!"

వంటమనిషి హుస్సేన్‌బీ బిందెతో వస్తూ వేసిన కేక వీధి చివరి గాజులకొట్టు దాకా వినపడింది. వినపడాల్సిన ఖలీల్‌కి మాత్రం కాస్త ఆలస్యంగా వినపడింది. అప్పటికే అతగాడు బిర్యానీ వండే పెద్ద దేగ్ మూతకి ఆవిరి పోకుండా చుట్టిన పిండిపట్టీని చాకుతో చీల్చేశాడు. లోపలి ఆవిరంతా ఒక్క ఊపున పోయి ఇంటి పైకప్పుకి తగిలింది.

ఇంత తొందర ఎందుకంటారా? చెప్తా. ఖలీల్ పత్తికొండలో సూఫీ గురువు దస్తగీర్ హజ్రత్ దగ్గర శిష్యుడు. అక్కడి ఆశ్రమంలోనే పిల్లలకి ఇంగ్లీషు కూడా చెప్తాడు. ఆ పొద్దున షబ్నమ్ అనే పిల్ల లేచి నిలబడింది. దాని నోరు ఊరికే ఉండదు.

"సార్, ఎర్లీకీ సూన్‌కీ తేడా ఏంది?"

"రెండూ తొందరగా అనే. రాసుకో."

"రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు సార్?"

"ఎదురు మాట్లాడకుండా కూర్చో."

ఆ పిల్ల మూతి ముడుచుకుని కూర్చుంది. వసారాలో తస్బీహ్ జపమాల తిప్పుకుంటున్న హజ్రత్ అంతా విన్నారు.

పాఠం కాగానే ఖలీల్ ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"హజ్రత్, ఆదోనిలో గది చూసుకున్నా. సొంతంగా బడి పెట్టుకుంటా. సెలవివ్వండి."

"త్వరలోనే ఇస్తాలే నాయనా."

"ఇవాళే ఇవ్వండి. నేను గట్టిగా అనుకున్నా. ఇంక ఆగలేను."

హజ్రత్ జపమాల పక్కన పెట్టారు. "ఇవాళ్టి దేగ్ నీది. పిల్లలకి నువ్వే వడ్డించు. మూత ఎప్పుడు తియ్యాలో కూడా నువ్వే చూసుకో. వడ్డించాక మాట్లాడుకుందాం."

ఎంత తొందరగా వడ్డిస్తే అంత తొందరగా ఆదోని అనుకున్నాడు మనవాడు. పట్టీ ఎర్రగా కాలి తట్టగానే రాలిపోతేనే లోపల అన్నం ఉడికినట్టని ఆ వీధిలో ఎవరినడిగినా చెప్తారు. ఖలీల్‌కీ తెలుసు. తెలిసే తెల్లటి పట్టీకి చాకు పెట్టాడు.

హజ్రత్ వంటశాలలోకొచ్చి ఒక మెతుకు తీసి కొరికారు. కటుక్కుమంది. కోప్పడలేదు. గరిటెడు వేణ్ణీళ్లు తెచ్చి అన్నం మీద చిలకరించారు. చొక్కా చేతులు పైకి మడిచి కొత్త పిండి కలిపి ఖలీల్ చేతిలో పెట్టారు. ఖలీల్ తల దించుకుని మూతకి మళ్లీ పట్టీ వేశాడు. హుస్సేన్‌బీ మూత మీద నిప్పులు పేర్చింది.

"మళ్లీ ఎప్పుడు తియ్యమంటారు, హజ్రత్?"

"దేగ్ నీదన్నాగా," అని ఆయన పిల్లలకి చాపలు వెయ్యడానికి వెళ్లిపోయారు.

ఖలీల్ పొయ్యి ముందు మఠం వేసుకు కూర్చున్నాడు. పొగకి కళ్లు మండినా లేవలేదు. గుమ్మంలోంచి పిల్లలు "ఆకలి సార్" అని రాగం తీసినా పట్టీ మీంచి చూపు తిప్పలేదు.

"పొద్దున ఆగలేనన్న మనిషివి నువ్వేనా?" అంది హుస్సేన్‌బీ. ఖలీల్ జారిన నిప్పునొకదాన్ని మూత మీదికి నెట్టాడు.

షబ్నమ్ మెల్లగా దగ్గరికొచ్చింది. "సార్, రెండూ ఒకటేనన్నారుగా. తీసెయ్యండి మరి."

ఖలీల్ ఇందాక మూత తీసినప్పుడు పక్కనున్న పళ్లెంలో పడ్డ మెతుకొకటి ఏరి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "కొరుకు."

కొరికి మొహం చిట్లించింది.

"అది ఎర్లీ."

"మరి సూన్?"

"ఇలా వచ్చి కూర్చో."

ఆ పిల్ల కూర్చుంది. ఇద్దరూ పట్టీ వంక చూస్తూ ఉండిపోయారు. తెలుపు పసుపైంది. పసుపు మెల్లగా ఎర్రబడింది. షబ్నమ్ వేలితో తట్టింది. పట్టీ పెళుసుగా విరిగి నేల మీద రాలింది. మూత ఎత్తగానే వచ్చిన వాసనకి గాజులకొట్టు ఆయన కూడా కొట్టు వదిలి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. హజ్రత్ ఆయన్నీ లోపలికి పిలిచారు.

అందరికీ వడ్డించాక ఖలీల్ చివరగా వచ్చి గురువు పక్కన కూర్చున్నాడు.

"పొద్దున ఆదోని సంగతేదో అన్నావు?" అడిగారు హజ్రత్.

ఖలీల్ వేళ్లకి పచ్చిపిండి ఇంకా అంటుకునే ఉంది. దాని వంక చూసుకున్నాడు.

"ఇంకా తెల్లగానే ఉంది, హజ్రత్."

హజ్రత్ తన పళ్లెంలోంచి మొదటి ముద్ద తీసి అతని పళ్లెంలో పెట్టారు. అప్పుడు అందరూ తినడం మొదలుపెట్టారు.