బల్ల మీద ఆకు

ఆ రోజు కూడా కొట్రేశుకు దీక్ష దక్కలేదు.

దక్కనందుకు బాధ సగమే. ఎందుకు దక్కలేదో తెలియకపోవడం మిగతా సగం. బల్ల చెయ్యమన్నారు, చేశాడు. బాగుందన్నారు. బాగున్నాక ఇంకా ఏం కావాలి?

నల్లమల అడవిలో, శ్రీశైలానికి భక్తులు నడిచిపోయే దారి పక్కన ఉంది ఆ మఠం. పెద్దదేమీ కాదు. మరుళయ్య స్వామి, వంట చూసే బసమ్మక్క, కొందరు శిష్యులు, అంతే. వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం అక్కడి పద్ధతి. కాళ్లు కడుక్కుని వస్తే చాలు, ఊరడగరు, కులమడగరు. నేల మీద వరసగా కూర్చోవాలి, పంక్తిలో తినాలి.

అయితే ముసలివాళ్లతో చిక్కు వచ్చింది. కొండలెక్కి వచ్చిన మోకాళ్లవి. కింద కూర్చుంటే లేవలేరు, నిలబడితే తినలేరు. గోడకు చేరగిలబడి, విస్తరి ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కలుపుకోలేక అవస్థ పడేవాళ్లు. అది చూసి స్వామి కొట్రేశును పిలిచాడు.

"భోజనశాలలో గోడవారన ఒక బల్ల చెయ్యప్పా. బల్ల ఏనాడు పూర్తయితే ఆనాడే నీకు దీక్ష."

కొట్రేశు ఆ మాటను కొంగున ముడేసుకున్నట్టు పట్టుకున్నాడు. దీక్ష కోసమే అతను పట్నంలో పని వదులుకుని వచ్చింది. వచ్చినప్పటినుంచీ కట్టెలు కొట్టాడు, నీళ్లు మోశాడు, గోశాల ఊడ్చాడు. దీక్ష మాట మాత్రం స్వామి నోట రాలేదు. ఇప్పుడు వచ్చింది. అదీ తనకు చేతనైన పని మీద వచ్చింది.

ఆ పని ఎట్లాంటిదో ముందు చెప్పుకోవాలి, లేకపోతే అతని కోపం అర్థం కాదు. హైదరాబాదులో కొట్రేశు పెద్దవాళ్ల ఇళ్లకు గోడపలకలు, తలుపులు, వంటగట్లు చేసేవాడు. మామూలు పలకలు కావు. లోపల నిజమైన ఆకులు, పూలు, గింజలు పొదిగినవి. కోసిన ఆకును కాగితాల మధ్య పెట్టి, బరువు కింద ఎండబెట్టాలి. తడి రవ్వంత మిగిలినా లోపలే నల్లబడుతుంది. ఎండిన ఆకును చెక్క మీద అమర్చి పైన రెజిన్ పొయ్యాలి. రెజిన్ అంటే పోసేటప్పుడు తేనెలా జారి, గట్టిపడ్డాక గాజులా మెరిసే ఒక జిగురు. బుడగ లేస్తే మంట చూపి పోగొట్టాలి. దుమ్ము పడకూడదు, దోమ వాలకూడదు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, రుద్ది, మళ్లీ రుద్ది మెరుగు తేవాలి. అంతా అయ్యాక చూస్తే, తేటనీళ్ల అడుగున ఆకు పడుకున్నట్టుంటుంది. తీద్దామని వేలు పెడితే వేలికి గాజు తగులుతుంది.

మఠం బల్లను కొట్రేశు ఆ పద్ధతిలోనే చేశాడు. అడవంతా తిరిగి మోదుగ రేకులు, నెమలినార ఆకులు, గురివింద గింజలు ఏరుకొచ్చాడు. రావి ఆకును నీళ్లలో నానబెట్టి, పచ్చదనమంతా పోయి ఈనెల వల ఒక్కటే మిగిలేదాకా ఆగాడు. దాన్ని బల్ల నడిమధ్యన పెట్టాడు. పని పూర్తయ్యాక తనే ఒక అడుగు వెనక్కు వేసి, చేతులు కట్టుకుని చూసుకున్నాడు. పట్నంలో ఏ ఇంటికీ ఇంత బాగా చెయ్యలేదు.

స్వామి వచ్చాడు. వంగి చూశాడు. అరచేత్తో బల్లను ఒకసారి నిమిరాడు.

"బాగుందప్పా. ఆకు వెయ్యలేదే?"

అంతే, వెళ్లిపోయాడు.

కొట్రేశు బల్ల వంక చూశాడు. నిజమే, ఎడమ పక్కన కొంచెం ఖాళీగా ఉంది. స్వామి కన్ను ఎంత సూక్ష్మం! తనకు తట్టనేలేదు. మళ్లీ అడవిలోకి పోయాడు. పాలకొడిశ ఆకులు తెచ్చి, ఎండబెట్టి, ఎడమ పక్కన అమర్చి, పైన ఇంకో పొర పోశాడు. మళ్లీ ఆరాలి, మళ్లీ రుద్దాలి. రుద్దీ రుద్దీ భుజాలు పట్టేశాయి.

స్వామి వచ్చి చూశాడు.

"మెరుపు తగ్గలేదు, సంతోషం. ఇంకా ఆకు వెయ్యలేదు గదా?"

ఈసారి కొట్రేశు ఊరుకోలేదు. అడ్డంగా నిలబడి అడిగాడు.

"ఏ ఆకు వెయ్యమంటారు స్వామీ?"

"ఏదైనా ఒకటే. ఉన్న ఆకే వెయ్యి."

"ఎక్కడ వెయ్యాల?"

"యాడ ఖాళీ ఉంటే ఆడ."

"ఎన్ని?"

"ఒకటితో మొదలు పెట్టప్పా. తరవాత నీకే తెలుస్తుంది."

కొట్రేశు పళ్లు బిగించి తల వంచాడు. ఏదైనా ఒకటేనట! ఒక ఆకుకూ ఇంకో ఆకుకూ ఎంత తేడా ఉంటుందో ఈ పెద్దాయనకు ఎవరు చెప్పాలి? ఈ చివర ఖాళీ, ఆ మూల ఖాళీ, అంచున ఖాళీ, ఎక్కడ చూసినా ఖాళీ ఉన్నట్టే కనిపించడం మొదలైంది. దొరికిన ఆకల్లా తెచ్చాడు. ఉసిరి, బిల్లు, ఇప్ప, చిల్ల. పొర మీద పొర పోశాడు. బల్ల బరువెక్కిపోయింది. మొదట వేసిన రావి ఆకు అడుగున ఎక్కడో మసకగా, బావిలో పడ్డ చెంబులాగా కనిపిస్తోంది.

బసమ్మక్క పప్పు గిన్నె చంకన పెట్టుకుని వచ్చి చూసింది.

"ఏమిరా ఇది? మేకలు చూస్తే పైకెక్కి మేస్తాయి."

"నన్ను అడగొద్దక్కా. మీ స్వామినే అడుగు. ఎంత వేసినా వెయ్యలేదంటాడు."

"ఆయనేమో వెయ్యలేదంటాడు, నువ్వేమో వేస్తానే ఉంటావు. మధ్యలో నా గిన్నె పెట్టుకోను చోటు లేదు." అంటూ గిన్నెను బల్ల మీద దించబోయింది.

"అక్కా! అక్కా! వేడిది! మచ్చ పడుతుంది!"

బసమ్మక్క గిన్నెను మళ్లీ చంకకెత్తుకుంది. "బల్ల కాదురా ఇది, పెళ్లికూతురు," అని గొణుక్కుంటూ పోయింది. ఆ మాటకూ ఒళ్లు మండింది కొట్రేశుకు. బల్ల మీద ఒక దుప్పటి కప్పి, నాలుగు మూలలా లాగి కట్టాడు. ఎవరూ చెంబు పెట్టకూడదు, మోచెయ్యి ఆనించకూడదు అని అందరికీ చెప్పాడు.

ఉగాది దగ్గర పడింది. దారిలో జనం పెరిగారు. ఎప్పటిలాగే పంక్తులు నేల మీదే సాగాయి. ముసలివాళ్లు ఎప్పటిలాగే గోడకు చేరగిలబడ్డారు. పక్కనే దుప్పటి కప్పుకుని బల్ల.

మూడోసారి స్వామి వచ్చినప్పుడు కొట్రేశు దుప్పటి తీసి చూపించి, ఆయన నోరు తెరవకముందే తానే అందుకున్నాడు.

"చూడండి స్వామీ. సూది మొన పెట్టే సందు లేదు. ఇప్పుడైనా ఆకు వేసినట్టేనా?"

స్వామి బల్లను ఈ చివరనుంచి ఆ చివరదాకా శ్రద్ధగా చూశాడు.

"లేదప్పా," అన్నాడు.

కొట్రేశు దుప్పటి కింద పడేశాడు. "నాకు దీక్ష ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పండి స్వామీ. రేపే బస్సెక్కి పోతాను. ఇట్ల ఆకని, తోకని తిప్పడమెందుకు?"

స్వామి కోప్పడలేదు. నవ్వలేదు కూడా. "పోయేవాడివి అన్నం తిని పో," అని బయటికి నడిచాడు.

కొట్రేశు తన గదికి వెళ్లి సంచీ సర్దుకున్నాడు. సర్దాల్సింది పెద్దగా లేదు. గరుకు కాగితాలు, కుంచెలు, రెండు పంచెలు. సంచీ తెచ్చి భోజనశాల గడప దగ్గర పెట్టాడు. పోయేముందు దుప్పటి మళ్లీ కట్టి పోదామనుకున్నాడు. ఎంత కోపమున్నా చేసిన పనిని దుమ్ముకు వదిలిపెట్టలేం కదా.

అప్పుడే మధ్యాహ్నపు గుంపు వచ్చింది. ఆదోని వైపు వాళ్లు. అందరూ బిలబిలమంటూ నేల మీద కూర్చున్నారు. ఈరమ్మ అనే అవ్వ ఒక్కతే మిగిలింది. పాదాలకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. గోడ పట్టుకుని కూర్చోబోయింది, మోకాలు మడతపడలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. "శివా!" అని నిలబడిపోయింది. పక్కనే బల్ల కనిపించింది. దాని ముందు వేసిన ఎత్తు పీట మీద మెల్లగా కూలబడింది.

కూర్చోగానే ఆమె చేసిన మొదటి పని, బల్ల తుడవడం. పైన ఆకులు పడి ఉన్నాయాయె! కొంగుతో ఒక తుడుపు తుడిచింది. పోలేదు. గోరు పెట్టి గీకింది.

"అవ్వా! గీకద్దు! అవి లోపలున్నాయి!" కొట్రేశు పరిగెత్తాడు.

"లోపలనా?" అవ్వ వంగి కళ్లు చికిలించింది. "అన్నం తినే చోట చెత్త లోపలెందుకు పెట్టినారప్పా? ఊడ్చను కూడా రాదే!"

నేల మీద కూర్చున్నవాళ్లు ఘొల్లుమన్నారు. వంటింటి గుమ్మంలో బసమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొట్రేశు చెవులు ఎర్రబడ్డాయి. ఇది చెత్త కాదు, దీనికి ఎంత కష్టపడ్డానో తెలుసా అని చెప్పబోయాడు.

ఆలోపు స్వామి వచ్చాడు. మూల ఉన్న విస్తరాకుల కట్టలోంచి ఒకటి లాగాడు. చెంబులోంచి దోసెడు నీళ్లు చిలకరించి దులిపాడు. దాన్ని తెచ్చి అవ్వ ముందు, కొట్రేశు కళ్లెదుట, ఉసిరి ఆకుల మీద, ఇప్ప ఆకుల మీద, అడుగున మసకబారిన రావి ఆకు మీద పరిచాడు. అంచులు అరచేత్తో ఒత్తి సరిచేశాడు.

"ఆకు వేశాను," అన్నాడు కొట్రేశుతో. "వడ్డించు."

కొట్రేశు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. చిన్నప్పటినుంచీ ప్రతి పెళ్లిలో, ప్రతి జాతరలో విన్న మాట. ఆకులు వేశారు రండి, ఇంకో ఆకు వెయ్యండి, ఆకు ముందు కూర్చున్నవాణ్ణి లేపకూడదు. ఎవరికి తెలియదు? బడికి పోని పిల్లాడికి కూడా తెలుసు. అతను ఆ మాటను పట్టుకుని అడవంతా తిరిగాడు.

"ఏమప్పా, నిద్ర పోతాండావా?" అంది అవ్వ. "ఆకేస్తే సరా, అన్నం లేదా?"

కొట్రేశు గబగబా వంటింట్లోకి పోయి అన్నం తెచ్చాడు. పప్పు తెచ్చాడు. పులుసు తెచ్చి, తొందరలో గరిటె ఒక్కసారిగా వంచేశాడు. వేడి పులుసు ఆకు దాటి, పసుపుపచ్చగా బల్ల మీదికి పారింది. మెరుగు పెట్టిన ఆ గాజు మీద, సరిగ్గా అందరికీ కనిపించే చోట.

అవ్వ గతుక్కుమంది. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, పాడైపాయనా నాయనా? నావల్లనే..."

కొట్రేశు చెయ్యి భుజం మీది తువ్వాలు దాకా పోయింది. తుడిస్తే ఇప్పుడే తుడవాలి. ఆరితే పసుపు పోదు. అది అతనికంటే బాగా తెలిసినవాడు ఆ శాలలో లేడు. అవ్వ ముద్ద ఎత్తకుండా అతని ముఖంలోకే చూస్తోంది.

అతను తువ్వాలు వదిలేశాడు.

"ఏం పాడు కాలేదవ్వా. నువ్వు తిను. ఇంకొంచెం పులుసు పోసేదా?"

"పొయ్యి మరి. అడుగుతావేంది?"

ఆమె తిని లేచేసరికి ఇంకో తాత వచ్చి పీట మీద కూర్చున్నాడు. కొట్రేశు ఆకు తీసి, బల్ల తుడిచి, ఇంకో ఆకు వేశాడు. తరవాత ఇద్దరు వచ్చారు. వాళ్ల వెనక గుడ్డి ఆయన్ని చెయ్యి పట్టుకుని ఎవరో తెచ్చారు. ఆయన కూర్చుని బల్లను తడుముకున్నాడు. "నున్నగుంది," అన్నాడు. ఆ ఒక్క మాటకు కొట్రేశు ముఖం విప్పారింది కానీ, ఆగి వినడానికి తీరిక లేదు. అన్నం అడుగుతున్నారు.

గడప దగ్గర సంచీ కాళ్లకు అడ్డం వస్తోందని బసమ్మక్క దాన్ని ఎత్తి ఎక్కడో పడేసింది. అతను చూడలేదు.

పొద్దు వాలుతుండగా మరుళయ్య స్వామి మళ్లీ వచ్చాడు. స్నానం చేసి, మడి పంచె కట్టుకుని ఉన్నాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో విభూతి, పత్రి. శిష్యులు ఒకరినొకరు చూసుకుని లేచి నిలబడ్డారు. దీక్షకు అని అందరికీ అర్థమైంది.

"కొట్రేశూ," పిలిచాడు స్వామి. "రాప్పా. వేళయింది."

కొట్రేశు అప్పుడు బల్లకు ఆ చివర ఉన్నాడు. చంకలో విస్తరాకుల కట్ట, చేతిలో గరిటె, మోచేతిదాకా పులుసు. ఎదురుగా అయిదారుగురు ముసలివాళ్లు, సగం తిన్న ఆకులు. అతను స్వామిని చూశాడు, పళ్లెం చూశాడు. ఎన్నాళ్లనుంచో ఎదురుచూసిన పళ్లెం.

"ఈ పంక్తి లేవనీండి స్వామీ," అన్నాడు. "ఇంకా మజ్జిగ పొయ్యలేదు."

గురువు పిలిస్తే ఆగమన్న శిష్యుణ్ణి ఆ మఠంలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

స్వామి పళ్లెం కిటికీ గూట్లో పెట్టాడు. పంచె ఎగ్గట్టుకుని వంటింటి వైపు తిరిగాడు.

"అయితే మజ్జిగ నేను తెస్తా," అన్నాడు.