ముందు వరసలో కట్టిన గేదె

నాకు దాదాపు ఆరు నెలలపాటు నెలసరి ఆగిపోయింది. అప్పుడు నా వయసు ఇరవై రెండు. పశువైద్య కళాశాలలో ఆఖరి సంవత్సరం, చేరిన నాటి నుంచీ క్లాసులో ఫస్టు. మొదటి రెండు నెలలు నేను గమనించనే లేదు. మూడో నెలలో గమనించి సంతోషించాను. "అదృష్టవంతురాలివే సుచరితా, పరీక్షల ముందు ఆ కడుపునొప్పి గొడవ లేకుండా పోయింది" అంది నా గదిలో ఉండే తులసి. నాలుగో నెలకి దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. ఐదో నెలలో భయం పట్టుకుంది. నాకు ఇక పిల్లలు పుడతారా అన్న ప్రశ్న ఏ పుస్తకం తెరిచినా అడ్డం వచ్చేది. కళాశాల పాడిలో ఇరవై ఆరు గేదెలు ఏ తేదీన ఎదకొచ్చాయో రిజిస్టరులో రాసేది నేనే. నా తేదీ మాత్రం నాకు గుర్తులేదు.

గేదెల చూలు, ఈత గురించి మాకు పాఠం చెప్పేది డాక్టర్ హైమవతి గారు. ఆవిడకో అలవాటుంది. సావిట్లోకి అడుగు పెడుతూ ప్రిన్సిపాలుగారు "ఇవాళ ఎన్ని లీటర్లు?" అనేవారు. ఈవిడ మాత్రం "అన్నీ నెమరేస్తున్నాయా?" అని అడిగి, ఆ జవాబు వచ్చాకే లీటర్ల సంగతి ఎత్తేవారు.

నా సంగతి చెప్పగానే మేడమ్ నన్ను ముందు ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. రక్తపరీక్షలు, స్కానింగు అయ్యాయి. జబ్బేమీ కనబడలేదు. నిద్ర లేదు, సరైన తిండి లేదు, ఆరు కేజీలు తగ్గావు, ఇది ఒత్తిడి వల్ల వచ్చినట్టుంది, ముందు అవి సరిచేసుకో, రెండు నెలల్లో రాకపోతే మళ్ళీ రమ్మంది ఆ డాక్టరు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ కాగితం తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టాను.

"పరీక్ష ఉన్నది నా తలలో కదా మేడమ్. ఆ సంగతి కడుపుకెలా తెలుస్తుంది?"

బోర్డు మీద బొమ్మ గీసి చెబుతారనుకున్నాను. ఆవిడ కాగితం చదివి, మడిచి నా చేతికిచ్చి, గంబూట్లు తొడుక్కున్నారు. "పద. ఏడో నంబరు మూడు రోజులుగా సరిగా చేపడం లేదు. ఆ కేసు నీది."

మధ్యాహ్నం పాలు తీసే వేళ. ఏడో నంబరు మా పాడికే అందమైన ముర్రా గేదె. పూటకు ఆరు లీటర్లిచ్చేది, పొదుగు నిండుగా ఉండి కూడా లీటరు దాటి వదలడం లేదు. పాలు తీసే ఎలమంద బాబాయి బిందె పక్కన పెట్టేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దూడను వదిలినా చేపటంలా డాక్టరమ్మా. కుడితి పెట్టా, గోకా, బతిమాలా. మా ఇంటిదాన్ని గూడా ఇంత బతిమాల్లేదు నేను. ఒక్క సూది పొడవండి, ధారలు కడద్ది."

సూది మందు నా కోటు జేబులోనే ఉంది. తులసి ఇచ్చిన మాత్రలూ ఆ జేబులోనే ఉన్నాయి. నాలుగు రోజులు వేసుకుని ఆపేస్తే నెలసరి వచ్చేస్తుందని వాళ్ళక్క చెప్పిందట.

"వెయ్యమంటారా మేడమ్?"

"కేసు నీదన్నానుగా."

జ్వరం చూశాను, లేదు. పొదుగు నొక్కి చూశాను, వాపు లేదు, గట్టిదనం లేదు. దాణా మామూలుగానే తింటోంది. అప్పుడు చూశాను దాని చెవులు. రెండూ గేటు వైపు నిక్కి ఉన్నాయి. నెమరు వేయడం లేదు.

"బాబాయ్, ఇది ఆ చివర కదా ఉండేది?"

"సోమవారం నించి ఇక్కడేనమ్మా. హైదరాబాదు కమిటీ వస్తందంటగా. అందగత్తె గదా, రాగానే కళ్ళబడేట్టు ముందు వరసలో కట్టమన్నారు. దీని జతది ఆ మూలే ఉండిపోయింది."

అతని మాట పూర్తికాకుండానే గేటు దగ్గర జీపు స్టార్టయింది. గేదె ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది.

నేను సూది వెయ్యలేదు. పాత చోట కట్టించాను. ఆ పూట అది చేపలేదు. మర్నాడు కొద్దిగా చేపింది. ప్రిన్సిపాలుగారు మళ్ళీ ముందుకు కట్టమని కబురు పెడితే, "వైద్యంలో ఉంది" అని మేడమ్ చీటీ రాసి పంపారు. మూడో రోజు మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి అది పడుకుని, కళ్ళు సగం మూసి నెమరు వేస్తోంది. లేపి, దూడను చూపించి, ఎలమంద బాబాయి చెయ్యి వేశాడో లేదో పాలు దిగాయి. నురగ బిందె అంచు దాకా వచ్చింది. "అలక తీరిందమ్మా మహారాణికి" అన్నాడు.

నాకు విషయం అర్థమైంది, కోపమూ వచ్చింది. "నన్ను గేదెతో పోలుస్తున్నారా మేడమ్?"

ఆవిడ కుళాయి కింద గంబూట్లు కడుక్కుంటున్నారు. "పోల్చడానికి కుదరదమ్మా. దాన్ని ముందు వరసలో మనం కట్టాం. నిన్నెవరు కట్టారు?"

ఇంట్లో నన్ను ఫస్టు రమ్మన్నవాళ్ళు ఎవరూ లేరు. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు, నేనేం చదువుతున్నానో కూడా ఆయనకు సరిగా తెలియదు. ఆ సాయంత్రమే మాత్రలు తులసికి తిరిగిచ్చేశాను. ఆదివారాలు రెండు బస్సులు మారి వెళ్ళే పీజీ ఎంట్రన్సు కోచింగు మానేశాను. మధ్యాహ్నం టీ బిస్కట్లతో సరిపెట్టకుండా మెస్సులో కూర్చుని అన్నం తినడం, పదింటికి దీపం ఆర్పేయడం పెట్టుకున్నాను. "పిచ్చెక్కిందా, ఫస్టు పోతుందే" అంది తులసి. మొదటి వారం దీపం ఆర్పి, కళ్ళు తెరుచుకుని పడుకున్నాను. తర్వాత నిద్ర వచ్చింది.

నలభై మూడో రోజున, ప్రాక్టికల్సు మధ్యలో కడుపునొప్పి మొదలైంది. దానికి అంత సంతోషించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఎదల రిజిస్టరు ఆఖరి పేజీలో పేరు లేకుండా తేదీ ఒక్కటే రాసుకున్నాను. రెండు రోజుల తర్వాత చూస్తే, ప్రతి ఎంట్రీ పక్కనా పెట్టినట్టే దాని పక్కనా మేడమ్ పొట్టి సంతకం ఉంది.

ఇది జరిగి ఇరవై నాలుగేళ్ళు. ఈనలేక కష్టపడుతున్న గేదె కోసం ఎవరైనా తలుపు కొడితే తప్ప, పదింటికి దీపం ఆర్పేస్తున్నాను. ఆవిడ నేర్పిన చదువుతోనే బతుకుతున్నాను. కానీ ఆవిడను తలుచుకుని దణ్ణం పెట్టుకునేది మాత్రం, ఆ మూడు రోజులు నా చేత సూది వేయించకుండా పక్కన నిలబడినందుకు.

ఆ ఏడాది పరీక్షల్లో నాకు నాలుగో స్థానం వచ్చింది. మార్కుల కాగితం పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. మేడమ్ దాని వైపు చూడలేదు. సావిట్లో అడిగే గొంతుతోనే అడిగారు.

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది మేడమ్."

"అయితే ఇప్పుడు కాగితం చూపించు."